ఆన్‌లైన్ తెలుగు క్లాసుకు ఏ గోడ, ఏ పోస్టరు?

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున ఆరున్నర అంటే డల్లాస్‌లో ఇంకా శనివారం రాత్రే. ఆ వేళకు పదకొండు మంది పిల్లలు నా తెలుగు క్లాసులోకి వస్తారు. ఐదుగురు ఐప్యాడ్ మీద, ముగ్గురు లాప్‌టాప్ మీద, మిగిలిన ముగ్గురు అమ్మ ఫోనో నాన్న ఫోనో పట్టుకుని. వర్చువల్ క్లాస్‌రూమ్‌లో పోస్టర్లు పెట్టాలనుకునే టీచర్లు నన్ను ముందుగా అడిగేది "ఏ యాప్ బాగుంటుంది?" అని. నేను తిరిగి అడిగేది "మీ పిల్లల్లో ఎంతమంది ఫోన్లో చూస్తారు?" అని. ఆ లెక్క తేలితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

బడిలో గోడ ఒక్కటే. మేకు కొట్టి చార్టు తగిలిస్తే ఏడాదంతా అక్కడే ఉంటుంది. పాఠం వింటూ వింటూ దిక్కులు చూసిన పిల్లవాడి కంట కూడా "ఋ" పడుతుంది. ఆన్‌లైన్‌లో అలా కాదు. టీచరు వెనక కనిపించే గోడ వేరు. స్క్రీన్ షేర్ చేసో లింకు పంపో మనం చూపించే గోడ వేరు. పిల్లలే వచ్చి అతికించే గోడ వేరు. ఒక గోడకు చేసిన పోస్టరు ఇంకో గోడ మీద పనికిరాదు. గంటలు గంటలు కూర్చుని పోస్టర్లు చేసి, చివరికి పిల్లలకు ఏమీ కనిపించలేదని బాధపడే టీచర్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది ఒక గోడ కోసం చేసినదాన్ని ఇంకో గోడకు తగిలించినవాళ్లే.

వెనక గోడ

అందరూ మొదట ఎంచుకునేది వర్చువల్ బ్యాక్‌గ్రౌండే. ఖర్చు లేదు, ఒక్క బొమ్మ ఎక్కిస్తే చాలు. నేనూ అలాగే మొదలుపెట్టాను. పైన మామిడాకుల తోరణం, పక్కన అరలో కొండపల్లి బొమ్మలు, మధ్యలో వర్ణమాల చార్టు. ఎంతో ఇష్టంగా చేసుకున్నాను. ఆ వారం పలక మీద పెద్దగా "థ" రాసి కెమెరాకు చూపించాను. ఎవరూ పలకలేదు. కాసేపటికి ఒక ఏడేళ్ల పాప, "టీచర్, మీ చెయ్యి కనిపిస్తోంది, పలక లేదు" అంది. చూసుకుంటే నిజమే. నా వేళ్లు గాలిని పట్టుకున్నట్టు ఉన్నాయి, పలక ఉండాల్సిన చోట తోరణం ఉంది. మనిషిని ఉంచి మిగతాదంతా బొమ్మతో కప్పేయడమే ఆ బ్యాక్‌గ్రౌండ్ పని. చేతిలో పట్టుకున్న పలక, పుస్తకం, పువ్వు, అన్నీ దానికి మిగతాదాని కిందే లెక్క.

అందుకే పలక చూపించి నేర్పే టీచరుకు వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ వద్దనే చెబుతాను. వెనక నిజమైన గోడ మీద ఒక్క పేజీ ప్రింటు తీసి అతికించుకుంటే పలక మాయం కాదు, అంచులు వణకవు, పాత లాప్‌టాప్ వేడెక్కదు. స్లైడ్లతోనే చెప్పే టీచరు అయితే బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకోవచ్చు. కాకపోతే దాని మీద రాత తక్కువ ఉండాలి. అది పిల్లల దాకా మన వీడియోలో భాగంగా వెళుతుంది. నెట్ కాస్త మందగించినా వీడియో నాణ్యత తగ్గుతుంది, దాంతోపాటు అక్షరాలూ అలుక్కుపోతాయి. "థ"కు "ధ"కు తేడా మధ్యలో ఉన్న చుక్కే కదా. ఫోన్లో మన వీడియో అగ్గిపెట్టంత ఉన్నప్పుడు ముందు పోయేది ఆ చుక్కే.

ఈ గోడకు సరిపోయేది క్లాసు పేరు, లేదా ఆ వారం నేర్పే ఒక్క అక్షరం. మధ్యలో మన తల ఉంటుంది కాబట్టి అక్షరాన్ని పైన ఒక పక్కకు పెట్టాలి. జూమ్‌కైతే 1920×1080 కొలతలో, 5 ఎంబీ దాటకుండా బొమ్మ చేసుకుంటే సరిపోతుంది. ఇంకో మాట. మన తెర మీద అక్షరాలు తిరగబడి కనిపిస్తే టెన్షన్ పడి బొమ్మను తిప్పేయకండి. మన వీడియో మనకు మాత్రమే అద్దంలోలా కనబడుతుంది, పిల్లలకు సరిగ్గానే వెళుతుంది. సెట్టింగ్స్‌లో మిర్రర్ అన్నది తీసేస్తే మనకూ సరిగ్గా కనిపిస్తుంది.

గూగుల్ క్లాస్‌రూమ్ వాడేవాళ్లకు పైన ఉండే పట్టీ కూడా ఒక చిన్న గోడే. అది ఎత్తు కంటే నాలుగు రెట్లు వెడల్పు ఉంటుంది. దాని మీద రాత పెట్టొద్దు, క్లాసు పేరు ఎలాగూ దాని మీదే వస్తుంది. ముగ్గు అంచో, పండగ రంగులో పెడితే చాలు.

చూపించే గోడ

ఎక్కువసేపు ఆలోచించి ఎంచుకోవాల్సింది ఇదే. 2020లో బడులు మూతబడ్డప్పుడు అమెరికాలో టీచర్లు గూగుల్ స్లైడ్స్‌లో గది బొమ్మ పెట్టి, గోడకు పోస్టర్లు తగిలించి, తమ పోలికతో యాప్‌లో చేసుకున్న కార్టూన్ బొమ్మను, అంటే బిట్‌మోజీని, పక్కన నిలబెట్టి క్లాస్‌రూమ్‌లు చేశారు. ఆ పద్ధతి మన తెలుగు క్లాసుల్లోకీ వచ్చింది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అయితే పెట్టేముందు ఒక్కసారి స్కేలు పట్టుకుని లెక్క వేయండి.

ఆరున్నర అంగుళాల ఫోన్‌ను అడ్డంగా పట్టుకుంటే స్లైడు పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. గది బొమ్మలో ఒక పోస్టరు ఆ వెడల్పులో నాలుగో వంతు అనుకుందాం, అంటే మూడు సెంటీమీటర్లు. అందులో వరుసకు ఎనిమిది గళ్లున్న వర్ణమాల చార్టు పెడితే ఒక్కో గడి నాలుగు మిల్లీమీటర్ల లోపే. ఆ గడిలో అక్షరం, పక్కన బొమ్మ, కింద పదం. ఆరేళ్ల పిల్లవాడు దాన్ని చదవలేడు. "అ అమ్మ, ఆ ఆవు" అని మనం చెబుతుంటే వాడికి రంగురంగుల చుక్కలు కనిపిస్తాయి.

దీనికి స్లైడ్స్‌లోనే మంచి ఉపాయం ఉంది. గది బొమ్మలో పోస్టరును గుర్తు కోసం మాత్రమే పెట్టండి, పెద్ద బొమ్మ, ఒక్క అక్షరం. దాన్ని నొక్కితే అదే పోస్టరు నిండు స్లైడుగా తెరుచుకునేలా లింకు ఇవ్వండి. ఆ స్లైడు మూలలో చిన్న ఇల్లు బొమ్మ పెట్టి, నొక్కితే తిరిగి గదిలోకి వచ్చేలా ఇంకో లింకు. నా ఉగాది గదిలో గోడ మీద ఒకే ఒక పోస్టరు, పచ్చడి గిన్నె బొమ్మ. దాన్ని నొక్కితే పెద్ద గిన్నె, చుట్టూ వేపపువ్వు, బెల్లం, చింతపండు, మామిడికాయ, ఉప్పు, మిరపకాయ. ఒక్కోదాన్ని నొక్కితే ఒక్కో రుచి పేరు: చేదు, తీపి, పులుపు, వగరు, ఉప్పు, కారం. "వగరు" అన్న మాట ఆ పిల్లల్లో ఎవరికీ తెలియదు. ఆ వారం ఇద్దరి ఇళ్లలో పచ్చి మామిడికాయ వెతికి కొనుక్కొచ్చారని అమ్మలు మెసేజ్ పెట్టారు. ఆ గోడ మీద పది పోస్టర్లు ఉండి ఉంటే వాళ్లు ఆ గిన్నె దగ్గర అంతసేపు ఆగేవాళ్లు కాదని నా నమ్మకం.

దానికి ఆధారం కూడా ఉంది. 2014లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు గోడల నిండా చార్టులున్న గదిలో, కొన్ని ఖాళీ గోడల గదిలో చెప్పి చూశారు. అలంకరణ ఎక్కువున్న గదిలో పిల్లల ధ్యాస 38.6 శాతం సమయం పాఠం మీద లేదు, ఖాళీ గదిలో అది 28.4 శాతం. పాఠం తర్వాత ప్రశ్నలకు సరైన జవాబులు అలంకరించిన గదిలో 42 శాతం, ఖాళీ గదిలో 55 శాతం. అవి నిజమైన గదులు. తెర మీద ఇబ్బంది ఇంకా ఎక్కువే అనుకుంటాను. బడిలో గోడ పక్కన ఉంటుంది, టీచరు ముందు ఉంటుంది. తెర మీద రెండూ ఒక్క చోటే. అందుకే నా గదిలో ఒకేసారి మూడు పోస్టర్లకు మించవు.

ఇక స్లైడ్స్, పవర్‌పాయింట్, పోస్టర్లు డిజైన్ చేసుకునే కాన్వా, ఈ మూడింట్లో ఏది?

పిల్లలు క్లాసు అయ్యాక కూడా గదిలోకి వచ్చి చూసుకోవాలంటే గూగుల్ స్లైడ్సే నాకు నచ్చింది. పోస్టరు మార్చగానే అందరి దగ్గరా మారిపోతుంది, లింకు మళ్లీ పంపక్కర్లేదు. గది గోడ, బల్ల, తోరణం లాంటివన్నీ కలిపి ఒకే బొమ్మగా చేసి స్లైడు బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టండి, పని చేసేటప్పుడు చెయ్యి తగిలి కదలవు. పిల్లలకు చూసే అనుమతి మాత్రమే ఇవ్వండి. లింకు చివర ఎడిట్ అని ఉన్నచోట ప్రివ్యూ అని మార్చి పంపితే మెనూలేవీ కనబడకుండా గది ఒక్కటే తెరుచుకుంటుంది. పంపేముందు మాత్రం మీ ఫోన్లో ఒకసారి తెరిచి, ప్రతి లింకూ నొక్కి చూసుకోండి.

నెట్ నమ్మకం లేని చోట పవర్‌పాయింట్ మేలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకుండే పెద్ద టచ్ తెర) మీద పాఠం చెప్పే టీచర్లకు ఇదే సులువు. పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఉంటే కరెంటు ఉన్నంతసేపూ గోడ ఉన్నట్టే. పైగా అంత పెద్ద తెర మీద నేను పైన చెప్పిన నాలుగు మిల్లీమీటర్ల బాధ లేదు, చార్టు మొత్తం పెట్టినా చదవొచ్చు.

కాన్వా ఈ రెండింటికీ పోటీ కాదు, తోడు. పోస్టరు తయారు చేయడం అందులో హాయిగా ఉంటుంది, తెలుగు ఫాంట్లు ఉన్నాయి, బొమ్మలు దొరుకుతాయి. బడిలో పనిచేసే టీచర్లు తగిన ఆధారం చూపిస్తే విద్యా ఖాతా ఉచితంగా ఇస్తారు. నేను పోస్టరు అక్కడ చేసి, పీఎన్‌జీగా దింపుకుని, స్లైడ్స్‌లో తగిలిస్తాను. గది మొత్తం కాన్వాలోనే కట్టొచ్చు, పేజీ నుంచి పేజీకి లింకులూ ఇవ్వొచ్చు. కానీ నా క్లాసులో అమ్మానాన్నలందరికీ చేయి తిరిగినది గూగుల్ కాబట్టి నేను అటు పోలేదు.

క్లాసులో స్క్రీన్ షేర్ చేసి పోస్టరు చూపేటప్పుడు వీడియో క్లిప్ కోసం ఉండే ఆప్షన్‌కు టిక్ పెట్టొద్దు. అది కదలికలు సాఫీగా రావడానికి అక్షరాల స్పష్టతను తగ్గిస్తుంది. కదలని పోస్టరుకు దాంతో పనిలేదు. అలాగే వాట్సాప్ గ్రూపులో పోస్టరు పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే సైజు కుదించేస్తుంది, సన్న గీతలన్నీ పోతాయి.

పిల్లలు అతికించే గోడ

ప్యాడ్‌లెట్ అనే వెబ్‌సైటుకు మొదట్లో వాల్‌విషర్ అని పేరు. పేరులోనే గోడ ఉంది. లింకు తెరిచి పిల్లలు తమ బొమ్మ, రాత, గొంతు రికార్డింగు అతికించవచ్చు. ఉచిత ఖాతాలో కొన్ని గోడలే ఇస్తారు, అందుకే వారానికో గోడ కట్టే ఆలోచన పెట్టుకోవద్దు. టీచరు చేసిన పోస్టర్లు పెట్టడానికి ఇది అనవసరం, అందుకు స్లైడ్స్ చాలు. పిల్లల చేతిరాత పెట్టడానికి మాత్రం దీనికి సాటి నాకు కనిపించలేదు.

అందులో మ్యాప్ రూపంలో కూడా గోడ పెట్టుకోవచ్చు. "మా తాతగారి ఊరు" అని పేరు పెట్టి, ఒక్కొక్కరిని తమ ఊరి మీద గుర్తు పెట్టి, ఊరి పేరు కాగితం మీద తెలుగులో రాసి ఫొటో తీసి అతికించమన్నాను. ఒకబ్బాయి భీమవరం పెట్టాడు. ఇంకో పాప పాలకొల్లు పెట్టింది. రెండు గుర్తులూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ పాప మ్యాప్‌ను పెద్దది చేసి చూసి, "మీ తాతయ్యవాళ్లు మా అమ్మమ్మవాళ్ల పక్కనే!" అని అరిచింది. ఏడాదిగా ఒకే క్లాసులో ఉన్నా వాళ్లిద్దరూ అంతకుముందు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆ పాప రాసిన "పాలకొల్లు"లో ల కింద ల వత్తు కాస్త పక్కకు పోయింది. తర్వాతి వారం తనే సరిచేసి కొత్త ఫొటో పెట్టింది, నేను చెప్పలేదు.

ఈ గోడకు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టండి, పిల్లలు పూర్తి పేరు, ఇంటి చిరునామా రాయకుండా చూడండి. రెండోది, మీరు సరే అన్నాకే పోస్టు కనిపించే ఏర్పాటు ఉంటుంది, దాన్ని ఆన్ చేసుకోండి.

బొమ్మ మనుషులై తిరిగే త్రీడీ గదుల గురించి కూడా అడుగుతుంటారు. పెద్ద పిల్లలకు, మంచి కంప్యూటర్లు ఉన్న చోట ఒక ప్రదర్శనలా ఒకసారి చేయడానికి బాగుంటాయి. వారం వారం క్లాసుకు నేను సలహా ఇవ్వను. లోపలికి రావడానికే పావుగంట పోతుంది. పైగా అలాంటి గదులు ఇచ్చిన మొజిల్లా హబ్స్ 2024 మే నెలాఖరుకు మూతపడింది. పోస్టర్లు, నోట్లు అతికించుకోవడానికి ఎందరో వాడిన గూగుల్ జామ్‌బోర్డ్ కూడా అదే ఏడాది చివర ఆగిపోయింది. ఏ గోడ ఎంచుకున్నా ప్రతి పోస్టరుకూ ఒక పీడీఎఫ్ కాపీ మీ దగ్గర దాచుకోండి.

తెలుగు పోస్టరుకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులు

ఇంగ్లీషు పోస్టరు చేయడం తెలిసినంత మాత్రాన తెలుగు పోస్టరు రాదు. మనకు పైన గుడి, కింద వత్తు ఉన్నాయి. టెక్స్ట్ బాక్సులో వరుసల మధ్య దూరం తక్కువైతే కింది వత్తు తెగుతుంది, లేదా తర్వాతి వరుస గుడి మీదికి ఎక్కుతుంది. ఒకసారి నా పోస్టరులో "రాష్ట్రం" అన్న మాటకు కింద అంచు తెగింది. ఎనిమిదేళ్ల బాబు "రాషం" అని చదివాడు. వాడి తప్పు లేదు, వాడికి కనిపించినదే చదివాడు. అప్పటి నుంచి ఏ పోస్టరైనా తయారయ్యాక "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" అన్న మూడు మాటలు అదే ఫాంట్‌లో, అదే సైజులో రాసి చూసుకుంటాను. మూడూ నిండుగా వస్తేనే ఆ ఫాంట్ ఉంచుతాను.

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, రాయలవారి కొలువంతా అక్కడ ఫాంట్ల పేర్లలో ఉంది. అది చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. పేరు నచ్చిందని అక్షరాలు నేర్పే పోస్టరుకు ఏది పడితే అది వాడలేం కదా. రామభద్ర లాంటి మందపు ఫాంట్ పెద్ద శీర్షికకు బాగుంటుంది, చిన్న సైజులో దాని అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. చిన్న పిల్లలకు మండలి గానీ, నోటో సాన్స్ తెలుగు గానీ వాడతాను, గీత సమంగా ఉండి పిల్లలు పలక మీద రాసే అక్షరానికి దగ్గరగా ఉంటుంది.

ఊళ్లో డీటీపీ షాపులో చేయించిన పోస్టరు ఉంటే ఫైలు కాకుండా పీడీఎఫ్ అడగండి. చాలా షాపుల్లో అను ఫాంట్లు వాడతారు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, ఆ రాతను తెచ్చి స్లైడ్స్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఏఐతో బొమ్మ వేయించుకునేవాళ్లు రాత లేకుండా బొమ్మ ఒక్కటే అడిగి, అక్షరాలు తర్వాత మీరే రాయండి. అది వేసే తెలుగు అక్షరాల్లో తప్పులు తరచుగా వస్తాయి. అక్షరం నేర్చుకునే పిల్లల ముందు ఒక్క తప్పు గుణింతం కూడా ఉండకూడదు. పుస్తకాల షాపులో కొన్న చార్టును ఫొటో తీసి పెట్టడం కూడా వద్దు. హక్కులు ప్రచురించినవాళ్లవి, పైగా తెర మీద కనిపించదు. చారిత్రక బొమ్మలు కావాలంటే వికీమీడియా కామన్స్‌లో ఉచితంగా వాడుకోదగినవి దొరుకుతాయి, ఒక్కోదాని కింద షరతులు చదువుకోవాలి.

ఎవరికి ఏది?

మీ పిల్లల్లో సగానికి పైగా ఫోన్లో చూస్తుంటే గది బొమ్మ ఆలోచనే పక్కన పెట్టండి. వారానికి ఒక్క నిండు పోస్టరు, నాలుగు మాటలకు మించకుండా చేసి, క్లాసు మొదట్లో స్క్రీన్ షేర్ చేసి, తర్వాత వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి. ఆ అమ్మానాన్నలు దాన్ని ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అతికిస్తే మీ క్లాసు గోడ వాళ్ల వంటింట్లోనే ఉంటుంది.

ఐప్యాడ్‌లు, లాప్‌టాప్‌లు ఎక్కువైతే స్లైడ్స్ గది, మూడు పోస్టర్లు. వాటిలో ఒకటి, పండగ గదుల్లో తప్ప, ఎప్పుడూ ఉండేది, మా గదిలో అది గుణింతం. రెండోది రెండు వారాలకు మారేది. మూడోది పిల్లల్లో ఒకరి రాత. ఈ మూడోదాని కోసం పిల్లలు క్లాసుకు పది నిమిషాలు ముందే వస్తారు, ఈసారి ఎవరిది పెట్టారో చూడటానికి.

ఏడాది పొడవునా ఒకే పిల్లలు ఉంటే ప్యాడ్‌లెట్ గోడ కూడా ఒకటి కట్టుకోండి, నెలకోసారి తెరిస్తే చాలు. కొత్తగా మొదలుపెట్టే టీచరైతే మొదటి నెల దాని జోలికి పోవద్దు. పిల్లల గొంతులు, పేర్లు గుర్తుపట్టాక పెట్టుకోవచ్చు.

పాత పోస్టర్లను నేను చెరపను. స్లైడ్స్ ఫైలు చివర "అటక" అని ఒక స్లైడు ఉంది, దింపేసినవన్నీ చిన్నగా చేసి అందులో పెడతాను, ప్రతిదానికీ తేదీ వేసి. గది మూలలో నిచ్చెన బొమ్మ నొక్కితే అక్కడికి పోవచ్చు. మొన్న ఉగాది గిన్నె అటక మీదికి వెళ్లింది. అక్కడికి ఎక్కి దాన్ని మళ్లీ తెరిచి, తమ్ముడికి "వగరు" అంటే ఏంటో చెబుతున్న ఒక పిల్ల గొంతు, మ్యూట్ చేయడం మర్చిపోవడంతో, మా అందరికీ వినిపించింది.